మైకు ముందు ఎవరు?
ఆకాశవాణి వాద్యబృందం, బృందగానం: ఒక చారిత్రక పరిశీలన

సంగీతాన్ని గురించి వ్రాసేటప్పుడు మనవాళ్ళు రాగాన్ని గురించి వ్రాస్తారు, తాళాన్ని గురించి వ్రాస్తారు, విద్వాంసుని గురుపరంపరను గురించి వ్రాస్తారు. జీతాన్ని గురించి మాత్రం వ్రాయరు. ఒక వైణికుడు తన వీణ తాను పట్టుకొని ఏ అరుగుమీదనైనా కూర్చోగలడు. ముప్ఫయి మంది వాద్యగాళ్ళు ఒకచోట కూర్చొని ఒకే రచనను వాయించాలంటే వాళ్ళకొక హాలు కావాలి, సాధనకు రోజులు కావాలి, ఆ రోజులన్నిటా ఇంట్లో పొయ్యి వెలగాలి. గాయకబృందం సంగతీ అంతే. కనుక వాద్యబృందం చరిత్రను, బృందగానం చరిత్రను పరిశీలించేవాడు ముందుగా అడగవలసిన ప్రశ్న: ఈ ముప్ఫయి మందికీ అన్నం పెట్టినదెవరు? పెట్టినందుకు వాళ్ళచేత ఏమి వాయింపజేశారు? ఎవరిని మైకు ముందుకు రానిచ్చారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపారు?

యూరపులో ఈ ప్రశ్నకు జవాబు కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. మొదట చర్చి పోషించింది, తరువాత రాజాస్థానాలు పోషించాయి, ఆ తరువాత టిక్కెట్టు కొని వచ్చే నగర ధనికవర్గం పోషించింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ భారంలో పెద్దపాలు రేడియో మీద పడింది. లండనులో బి.బి.సి. తన సొంత సింఫనీ ఆర్కెస్ట్రాను 1930లో ఏర్పాటు చేసుకున్నది. మన దేశంలో పరిస్థితి వేరు. మన శాస్త్రీయ సంగీతం ప్రధానంగా ఏకవ్యక్తి చుట్టూ అల్లుకున్నది. కలిసి వాయించడం, కలిసి పాడడం మనకు తెలియనివి కావు. సన్నాయి మేళం వుంది, నౌబతు వుంది, భజన గోష్ఠి వుంది, కోలాటం వుంది, వీధి భాగవతుల మేళం వుంది. కాని వీటిని శిష్టవర్గం 'శాస్త్రీయం' అనే గీతకు అవతలే వుంచింది. కచేరీ సంగీతంలో పెద్ద వాద్యబృందాన్ని నెలజీతాల మీద, ఏళ్ళ తరబడి, దేశవ్యాప్తంగా పోషించగల సంస్థ మనకు ఒక్కటే ఏర్పడింది. అది ప్రభుత్వ రేడియో. అందుచేత మన వాద్యబృందం కథలో చాలా భాగం రేడియో కథే.

*

ఆ రేడియో పుట్టుకలోనే వైరుధ్యం వుంది. 1927 జులైలో బొంబాయిలోను, ఆగస్టులో కలకత్తాలోను ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ ప్రసారాలు ప్రారంభించింది. మూడేళ్ళు తిరగకుండానే దివాలా తీసింది. రేడియో సెట్టు కొనగలవాడు వెయ్యి మందిలో ఒక్కడు కూడా లేని దేశంలో, లైసెన్సు రుసుముమీద ఆధారపడ్డ వ్యాపారం నిలుస్తుందా? 1930 ఏప్రిల్‌లో బ్రిటిషు ప్రభుత్వం దానిని తన చేతుల్లోకి తీసుకున్నది. 1935లో బి.బి.సి. నుండి లయొనెల్ ఫీల్డెన్ అనే ఆయనను కంట్రోలరుగా రప్పించారు. 1936 జూన్‌లో ఈ సంస్థకు 'ఆలిండియా రేడియో' అని పేరు పెట్టారు. 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. తెలుగు మాట, తెలుగు పాట ఆలిండియా రేడియోలో వినిపించిన తొలి వేదిక అదే. విజయవాడ కేంద్రం వచ్చేసరికి 1948 డిసెంబరు అయింది.

అంటే మనకు రేడియోను తెచ్చిపెట్టినవారు మనలను పాలించినవారే. వారి సంస్థలో సహజంగానే యూరోపియన్ సంగీతానికి వేరే విభాగాలు వుండేవి. ఆ విభాగాలకు వచ్చిన ఇద్దరు మనుషుల చరిత్రను మనం తెలుసుకోవాలి. ఎందుకంటే, వాళ్ళిద్దరూ పాలకులకు అమరిన సేవకులు కారు.

ఒకరు వాల్టర్ కాఫ్‌మన్. ప్రాగ్ నగరంలో చదువుకొన్న యూదు సంగీతజ్ఞుడు. జర్మనీలో హిట్లరు అధికారానికి వచ్చిన తరువాత, 1934లో, యూరపు విడిచి బొంబాయి చేరుకున్నారు. అక్కడ 1937 నుండి 1946 వరకు ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని నడిపారు. దశాబ్దాలపాటు ఉదయాన ప్రసారం మొదలు కాకముందు మన తల్లిదండ్రులు, తాతలు విన్న ఆ రేడియో సంకేత సంగీతాన్ని కూర్చినది ఆయనే అని ప్రతీతి. ఫాసిజం తరిమివేసిన మనిషి కూర్చిన స్వరాలతో మన దేశంలో కొన్ని తరాలు నిద్రలేచాయి.

రెండవవారు జాన్ ఫౌల్డ్స్. 1880లో మాంచెస్టరులో ఒక ఆర్కెస్ట్రా వాద్యగాని కొడుకుగా పుట్టారు. తాను కూడా చెల్లో వాయించి పొట్టపోసుకొన్నవారే. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన అన్ని జాతులవారి స్మృతికీ 'వరల్డ్ రెక్వియం' అనే బృహత్తర గానరచన చేశారు. దానిని 1923 నవంబరు 11న లండను ఆల్బర్టు హాలులో సుమారు 1,200 మంది గాయకులు, వాద్యగాళ్ళు కలిసి వినిపించారు. 1926 వరకు ఏటా ఆ రోజున అది వినిపించింది. తరువాత ఆపివేశారు. మళ్ళీ అదే హాలులో అది మోగడానికి 2007 నవంబరు 11 దాకా ఆగవలసి వచ్చింది. ఈ ఎనభయి ఏళ్ళ మౌనానికి ముందువెనుకల మరొక సంగతి వుంది. ఫౌల్డ్స్ వ్రాసిన తేలిక రచనలను, ముఖ్యంగా 'కెల్టిక్ లామెంట్' అనే చిన్న పాటను, బి.బి.సి. తరచుగా ప్రసారం చేసేది. గంభీరమైన రచనలను పక్కన పెట్టేది. ఆయన దీనినిగురించి వాపోయారు కూడా. ఏది వినిపించాలి, ఏది వినిపించకూడదు అని నిర్ణయించే అధికారి బల్ల ముందు నిలబడడం ఎట్లా వుంటుందో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు.

అటువంటి మనిషి 1935లో భారతదేశానికి వచ్చారు. ఆయన భార్య మాడ్ మెకార్తీ వయొలిను విద్వాంసురాలు. భారతీయ సంగీతాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసినవారు. 1937లో ఢిల్లీ రేడియో కేంద్రంలో ఫౌల్డ్స్ యూరోపియన్ సంగీత శాఖాధిపతి అయినారు. తన విభాగం పని తాను చేసుకొని జీతం తీసుకోవచ్చు. ఆయన అట్లా ఊరుకోలేదు. భారతీయ వాద్యాలు వాయించే కళాకారులను కూడగట్టి, వాళ్ళకు స్వరలిపి చదవడం నేర్పి, ఒక 'ఇండో-యూరోపియన్ ఆర్కెస్ట్రా'ను తయారు చేశారు. గురుముఖతః, చెవితో నేర్చుకొన్న వాద్యగాడు కాగితం చూసి, పక్కవానితో కాలం కలిపి వాయించడం చిన్న మార్పు కాదు. 1939లో ఆయనను కలకత్తా కేంద్రానికి మార్చారు. అక్కడికి చేరిన కొద్దికాలానికే, ఏప్రిల్ 25న, కలరా సోకి మరణించారు. ఆయన మొదలుపెట్టిన ఆర్కెస్ట్రా పని అంతటితో తెగిపోయింది.

కాని ఆయన మొదలుపెట్టిన మరొక పని మాత్రం తెగలేదు.

*

1938లో రేడియో వారి పత్రిక 'ఇండియన్ లిజనర్'లో ఫౌల్డ్స్ హార్మోనియం మీద ఘాటయిన విమర్శ వ్రాశారు. ఆ వాద్యంలో ఒక స్థాయికి పన్నెండు మెట్లే వుంటాయి. వాటి శ్రుతిని ఫ్యాక్టరీలో బిగించి పంపుతారు. స్వరాన్ని ఊపడానికి, జారడానికి, గమకం పలికించడానికి వీలుండదు. రాగానికి ప్రాణమైన సూక్ష్మశ్రుతులు దానిలో పలకవు అని వాదం. సంగీతశాస్త్ర దృష్టితో చూస్తే ఇందులో నిజం వుంది. రవీంద్రనాథ ఠాగూరు కూడా ఈ వాద్యాన్ని వ్యతిరేకించారు. నెహ్రూకు ఇది గిట్టేది కాదు. 1940 మార్చి నుండి ఆలిండియా రేడియో హార్మోనియంను స్టూడియోలనుండి బహిష్కరించింది. 1971లో గాని ఆ నిషేధం కొంతమేరకైనా సడలలేదు. అంటే ముప్ఫయి ఏళ్ళు పైగా! బ్రిటిషు ప్రభుత్వం విధించిన ఈ నిషేధాన్ని స్వతంత్ర ప్రభుత్వం కొనసాగించింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. హార్మోనియం పరాయి వాద్యమే. 1840 ప్రాంతంలో ప్యారిస్‌లో పుట్టింది. అయితే వయొలిను ఎక్కడిది? క్లారినెట్టు ఎక్కడిది? అవి కచేరీ వేదికమీద గౌరవంగా కూర్చోలేదా? కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే వాద్యనిర్మాత హార్మోనియంను నేలమీద కూర్చొని ఒక చేత్తో తిత్తి వత్తుతూ, మరొక చేత్తో వాయించుకొనే పెట్టెగా మార్చిన తరువాత, అది గుడిసెలోకి, భజనమందిరంలోకి, నాటకం పందిట్లోకి వెళ్ళింది. మన తెలుగుదేశంలో పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించగలమా? తెర లేవకముందే కాళ్ళ హార్మోనీ శ్రుతి మోగితే ఊరంతా పందిట్లోకి పరుగెత్తేది. నటుడు రాగం అందుకొని ఆలాపన సాగదీస్తుంటే హార్మోనిస్టు వెంట నడిచేవాడు, కొన్నిసార్లు దారి చూపేవాడు. గురువు దగ్గర పదేళ్ళు శుశ్రూష చేసే తీరిక లేనివానికి, ఏ కులంలో పుట్టినవానికైనా, స్వరజ్ఞానం ఇచ్చిన వాద్యం అది. శ్రుతిలో దానికి లోపం వున్నమాట నిజమే. వ్యాప్తిలో దానికి సాటివచ్చేది మరొకటి లేదన్నమాట కూడా అంతే నిజం.

శ్రుతిదోషాన్ని చర్చించవలసినచోట ఉత్తరువు జారీ చేశారు. తంబురా శ్రుతికి చెవి మరిగిన విద్వాంసుని అభిరుచి జాతి అభిరుచిగా స్థిరపడింది. లక్షలమంది గొంతు సవరించుకొన్న శ్రుతిపెట్టె అశుద్ధమైపోయింది. ఫౌల్డ్స్ చెడ్డవాడని మనం చెప్పడం లేదు. పాలకుల బల్ల ముందు తాను పొందిన అన్యాయాన్నే, బల్లకు ఇవతలివైపు కూర్చొనేసరికి, మరొకరికి చేయడంలో ఆయన పాలుపంచుకొన్నారని మాత్రమే చెబుతున్నాం. సంస్థ స్వభావం మారనిది, మంచివాడు వచ్చి కూర్చున్నా కుర్చీ తన పని తాను చేసుకుపోతుంది.

*

1947 నాటికి దేశానికి దక్కిన రేడియో కేంద్రాలు ఆరు. అవి వినిపించే ప్రాంతం దేశ విస్తీర్ణంలో నూటికి రెండున్నర వంతులు. వినగలిగే జనాభా నూటికి పదకొండు వంతులు. వలస ప్రభుత్వం మనకు ఒప్పగించిపోయిన ఆస్తి ఇది. దీనిని దేశవ్యాప్తం చేసిన ఘనత స్వతంత్ర ప్రభుత్వానిదే. ఆ సంగతి ఒప్పుకోకపోతే మనం చరిత్రకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

కాని గుమ్మం దగ్గర కాపలా మాత్రం సడలలేదు, మరికొంత గట్టిపడింది. 1946లోనే, సమాచార శాఖ సర్దార్ పటేల్ చేతిలో వున్నప్పుడు, వ్యక్తిగత జీవితం 'అపవాదు'కు గురి అయినవారిని రేడియోలో పాడనివ్వరాదని ఆదేశం వచ్చింది. ఈ మాటకు అర్థం ఏమిటో ఆనాటివారికి వివరించనక్కరలేదు. ఏ స్త్రీల కుటుంబాలు తరతరాలుగా పాటను బతికించాయో, ఆ కులవృత్తి గాయనుల ముఖంమీద స్టూడియో తలుపు మూశారు. వాళ్ళ పాటలు మాత్రం లోపలే వుండిపోయాయి.

1952 నుండి 1962 వరకు బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార మంత్రిగా వున్నారు. శాస్త్రీయ సంగీతంమీద ఆయనకు వున్న శ్రద్ధ నిజమైనది. 1952 జులై 20న సంగీత జాతీయ కార్యక్రమం ప్రారంభమయింది. ఢిల్లీలో కూర్చొన్నవానికి కర్ణాటక విద్వాంసుని కచేరీ, విజయవాడలో కూర్చొన్నవానికి హిందుస్తానీ ఖయాల్ ఒకే సమయంలో వినిపించడం అదివరకు ఎరుగనిది. జమీందారు దివాణంలోనో, సభలో ముందు వరుస కుర్చీలోనో కూర్చొనేవారికి మాత్రమే దక్కిన గానం పంచాయతీ రేడియో ముందు నిలబడ్డ రైతుకూలీకి కూడా చేరింది. స్వరపరీక్షల పద్ధతి పెట్టారు, శ్రేణులు ఏర్పరచారు.

అదే 1952లో ఢిల్లీలో 'ఆకాశవాణి వాద్యవృంద' ఏర్పడింది. మన దేశంలో జాతీయ స్థాయిలో, భారతీయ వాద్యాలతో, ప్రభుత్వ వ్యయంతో నడిచిన వాద్యబృందం అది. దానికి సారథ్యం వహించినవారు ఇద్దరు: హిందుస్తానీ పక్షాన రవిశంకర్, కర్ణాటక పక్షాన వయొలిను విద్వాంసులు టి.కె. జయరామ అయ్యర్. సితారు, సరోదు, వీణ, వేణువు, వయొలిన్లు, క్లారినెట్టు, జలతరంగం, తబలా, మృదంగం ఒకే హాలులో చేరాయి. ఉత్తరాది, దక్షిణాది వాద్యగాళ్ళు ఒకే రచనను పక్కపక్కన కూర్చొని వాయించడం ఆనాటికి పెద్ద విషయం.

వాద్యబృందానికి కావలసిన పద్ధతిని వాళ్ళు ఎక్కడినుండి తెచ్చుకొన్నారు? సింఫనీని కాపీ కొట్టారనే వాదం ఒకటి వుంది. అది నిజం కాదు. యూరోపియన్ ఆర్కెస్ట్రాకు పునాది హార్మనీ, అంటే వేరు వేరు స్వరాలు ఒకేసారి పలికి ఏర్పరచే కూడిక. రాగానికి అది పొసగదు. కనుక మనవాళ్ళు రాగాన్ని వాద్యాలకు వంతులుగా పంచిపెట్టారు. ఆలాపనలో ఒక పోకడను వేణువు అంటే సరోదు అందుకొంటుంది. వయొలిన్లు పైస్థాయిలోను, చెల్లోలు కిందిస్థాయిలోను అదే స్వరాన్ని నిలిపివుంచుతాయి. తాళవాద్యాలు ప్రశ్నోత్తరాలుగా నడుస్తాయి. వాద్యాల గొంతుల్లోని తేడాయే ఇక్కడ రంగులు దిద్దుతుంది.

ఈ పద్ధతి ఢిల్లీ ఆఫీసులో పుట్టినది కాదు. రవిశంకర్ గురువు అల్లాఉద్దీన్ ఖాన్ 1918 ప్రాంతంలో మైహర్ సంస్థానంలో అనాథ పిల్లలను చేరదీసి, వాళ్ళకు వాద్యాలు నేర్పి 'మైహర్ బ్యాండు'ను తయారు చేశారు. భారతీయ వాద్యబృందానికి బీజం వేసినది ఆ దిక్కులేని పిల్లలు! తరువాత రవిశంకర్ తన అన్న ఉదయశంకర్ నృత్యబృందంలో పనిచేశారు. ఆ తరువాత, పాఠకులు గమనించవలసినది ఇదే, ఆయన 1945లో ప్రజానాట్య సంఘం, అంటే ఇప్టా, కేంద్ర దళంలో చేరారు. బొంబాయి శివారు అంధేరీలో కళాకారులంతా ఒకే ఇంట్లో వుండి, ఒకే వంట తిని తయారు చేసిన నృత్యరూపకాలకు ఆయన సంగీతం కూర్చారు. ఇక్బాల్ వ్రాసిన 'సారే జహాఁ సే అచ్ఛా'కు ఈనాడు దేశమంతా పాడుకొంటున్న వరుసను ఆయన కట్టినది అక్కడే. తెలుగుదేశంలో ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథ జనాన్ని కదిలిస్తున్న సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఇది జరిగింది. 1949లో రవిశంకర్ ఆకాశవాణిలో చేరారు, 1956లో విడిచివెళ్ళారు. ప్రభుత్వ వాద్యబృందం ప్రభుత్వ భవనంలోనే పనిచేసింది. కాని కలిసి పనిచేయడమనే విద్యను దాని సారథి నేర్చుకొన్న బడులలో ప్రజా ఉద్యమం ఒకటి. ఆ బడి పేరు ప్రభుత్వ చరిత్రలలో చాలా చిన్న అక్షరాలతో కనిపిస్తుంది.

రవిశంకర్ తరువాత వేణువు విద్వాంసులు పన్నాలాల్ ఘోష్ 1960లో మరణించేవరకు ఈ బృందాన్ని నడిపారు. మన ద్రాక్షారామంలో పుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రి కూడా దీనికి సారథ్యం వహించారు. అంతకుముందు ఆయన మద్రాసులో జెమినీ స్టూడియో వాద్యబృందంలో పనిచేసినవారు. ఎవరెస్టు శిఖరారోహణ స్ఫూర్తితో 'ఆదర్శ శిఖరారోహణం' అనే వాద్యబృంద రచన చేశారు. దేవుడో, రాజో, నాయికా విరహమో కాక, మనుషులు కూడి చేసిన ఒక ప్రయత్నం వాద్యసంగీతానికి వస్తువైన సందర్భం ఇది. వాద్యబృందానికి అటువంటి వస్తువే తగినదని నా అభిప్రాయం.

*

అయితే ఈ కృషి జనంలో ఎందుకు వేళ్ళూనలేదు? కారణాలు రెండు కనిపిస్తున్నాయి.

మొదటిది, శుద్ధి పేరిట సినిమాపాటమీద సాగిన యుద్ధం. కేస్కర్ కాలంలో సినిమాపాటల సమయాన్ని బాగా తగ్గించారు. పాటకు ముందు సినిమా పేరు చెబితే అది వ్యాపార ప్రకటన అవుతుందని చెప్పనివ్వలేదు. నిర్మాతలు హక్కులు వెనక్కు తీసుకొన్నారు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి సిలోన్ రేడియో పెట్టుకొన్నారు. యుద్ధకాలంలో సైన్యంకోసం కొలంబోలో నెలకొల్పిన శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ వాళ్ళ చేతిలో వుంది. 1952 చివర అక్కడ ఒక టూత్‌పేస్టు కంపెనీ పేర హిందీ పాటల కార్యక్రమం ప్రారంభమై దేశాన్ని ఊపివేసింది. ప్రభుత్వం ప్రజల అభిరుచిని ఉద్ధరించబోతే, ఆ ప్రజలను వ్యాపారి ఎగరేసుకుపోయాడు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధభారతిని ప్రారంభించవలసి వచ్చింది. ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆనాడు ఈ దేశంలో అతి పెద్ద వాద్యబృందాలు, అతి పెద్ద కోరస్‌లు సినిమా స్టూడియోలలోనే వుండేవి. సినిమాపాటలో కోరస్‌ను, ఆర్కెస్ట్రాను పెంపొందించిన తొలితరంలోని అనిల్ బిశ్వాస్‌నే 1963లో ఢిల్లీ ఆకాశవాణి తన జాతీయ వాద్యబృందానికి పిలుచుకొన్నది. ముందు తలుపు దగ్గర ఆపిన సంగీతాన్ని పెరటి తలుపున రానిచ్చారన్నమాట.

రెండవ కారణం ఇంకా లోతైనది. వాద్యబృందం ఎంత గొప్పగా వాయించినా శ్రోత శ్రోతగానే మిగిలాడు. రేడియో ఒకవైపునుండి మాత్రమే మాట్లాడే పరికరమనీ, వినేవాని చేత కూడా మాట్లాడించగలిగినప్పుడే అది ప్రజల సాధనమవుతుందనీ జర్మన్ కవి బ్రెహ్ట్ 1932లోనే వాదించారు. అప్పటికి ఇంకా హిట్లరు రాలేదు. వచ్చిన తరువాత ఒకవైపునుండి మాట్లాడే రేడియో ఏం చేయగలదో లోకం చూసింది.

మన దేశంలో బ్రెహ్ట్ ప్రశ్నకు కొంత జవాబు వాద్యబృందంలో కంటే బృందగానంలో దొరికింది. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ విద్యార్థి దశనుండి కమ్యూనిస్టు. మలయాళ చిత్రాలకు సంగీతం కూర్చి పేరుపొందినా, మద్రాసులో సినిమా వాద్యకారులకు సంఘం కట్టి కూలిరేట్లకోసం పోరాడినవారిలో అగ్రగామి. మద్రాసు ఆకాశవాణి గాయకబృందంతో పనిచేశారు. 1970 దశకం తొలినాళ్ళలో మద్రాసు యూత్ కోయిర్‌ను స్థాపించారు. దానిలో పాడినవారు వృత్తిగాయకులు కారు. పగలు తమ తమ పనులు చేసుకొని సాయంత్రం వచ్చినవారు. భారతి పాటలను ఆయన అనేక గొంతులకు పంచి కూర్చారు. రాగం చెడకుండా రెండు మూడు గొంతులు వేరు వేరు దారుల్లో నడిచి కలుసుకొనే పద్ధతిని సాధించారు. దీనికి ముందే, 1958లో, కలకత్తాలో రుమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ కోయిర్‌ను నెలకొల్పారు. ఇప్టా పాటల నిర్మాత సలీల్ చౌదరి దానికి అండగా నిలిచారు. 1980 దశకంలో బడిపిల్లలకు సామూహిక గానం నేర్పడానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. చేపట్టిన పనిలో కూడా శ్రీనివాసన్ పాల్గొన్నారు. 1988లో మరణించేదాకా ఆయనది అదే పని. కచేరీ చేయడం కంటే జనంచేత పాడించడమే ఆయనకు ముఖ్యం.

మన తెలుగు కేంద్రాలు ఈ పనిని తమకు చేతనైనంత మేరకు చేశాయి. విజయవాడ, హైదరాబాదు కేంద్రాల నుండి 'ఈ మాసపు పాట', 'ఈ పాట నేర్చుకుందాం' వచ్చేవి. హైదరాబాదులో మహాభాష్యం చిత్తరంజన్ వంటివారు ఒక్కొక్క చరణాన్ని ఆగి, తిరిగి పాడి, మళ్ళీ పాడించి నేర్పేవారు. మా అమ్మగారి దగ్గర నాలుగు రూళ్ళ నోటుపుస్తకం ఒకటి ఇప్పటికీ వుంది. రేడియో పక్కన కూర్చొని పెన్సిలుతో వ్రాసుకొన్న పాటలు దానినిండా వున్నాయి. అర్థంకాని మాట దగ్గర చుక్కలు పెట్టుకొన్నది. వచ్చేవారం విని పూరించింది. ఆమె సంగీతం బడికి వెళ్ళలేదు. వెళ్ళే స్తోమతు ఆ ఇంటికి లేదు. జాతీయ కార్యక్రమంలో విన్న మహా విద్వాంసుల పేర్లు ఆమెకు గుర్తులేవు. ఆ నోటుపుస్తకంలోని పాటలు మాత్రం ఒక్కటీ మరచిపోలేదు. పొలం గట్టుమీద, పెళ్ళి పందిట్లో, మహిళా సంఘం సమావేశంలో నలుగురితో కలిసి పాడింది.

*

ఈ చరిత్రనుండి మనం నేర్చుకోవలసినది ఏమిటి?

మనలో రెండు పొరపాటు అభిప్రాయాలు వున్నాయి. శాస్త్రీయ సంగీతం, వాద్యబృందం, ఇవన్నీ శిష్టవర్గం వినోదాలు, మనకెందుకు అనేది ఒకటి. ఈ మాట అనేవారు మైహర్ పిల్లలను, అంధేరీ ఇంటిని, చిత్తూరు శ్రీనివాసన్‌ను మరచిపోతున్నారు. మన శ్రమతో పెరిగినదానిని మనమే ఎదుటివారికి వ్రాసి ఇస్తున్నారు. ప్రభుత్వం ఇచ్చినది మహాప్రసాదం, కళ్ళకద్దుకొని వినాలి అనేది రెండవది. ఈ మాట అనేవారు హార్మోనియం పెట్టెను, తలుపు మూయబడ్డ గాయనిని మరచిపోతున్నారు. పోషించిన చేయి ఎంపిక కూడా చేసింది. ఆ ఎంపికకు శాస్త్రం పేరు పెట్టింది.

పోషణ విషయం కూడా పూర్తిగా చెప్పుకోవాలి. మనం గౌరవంగా 'నిలయ విద్వాంసులు' అని పిలుచుకొన్నవారు దీర్ఘకాలం కాంట్రాక్టు మీద పనిచేసినవారు. ప్రభుత్వోద్యోగులతో సమానమైన భద్రత 1980 దశకంలో గాని వాళ్ళకు రాలేదు. అటుపిమ్మట పదవీ విరమణ చేసినవారి కుర్చీలు చాలా కేంద్రాల్లో నిండలేదు. వాద్యబృందమంటే రచనలు, రికార్డులు మాత్రమే కాదు. రోజూ కలిసి కూర్చొని సాధన చేసే మనుషులు. ఆ మనుషులు ఒకరొకరుగా వెళ్ళిపోతే ఏ ఉత్తరువూ లేకుండానే బృందం ఆగిపోతుంది. హార్మోనియంను నిషేధించడానికి ఒక కాగితం కావలసి వచ్చింది. దీనికి ఆ కాగితం కూడా అక్కరలేదు.

ఈనాడు వినడానికి కొరత లేదు. ప్రపంచంలో ఏ సింఫనీ కావాలన్నా విద్యార్థి జేబులోని ఫోనులో వుంది. కాని అదే విద్యార్థిని, తన తరగతిలోని ముప్ఫయి మందితో కలిసి ఒక్క పాటను శ్రుతి తప్పకుండా పాడమంటే సిగ్గుపడి వెనుక బెంచీకి వెళ్ళిపోతున్నాడు. నేను కళాశాలలో ప్రతి సంవత్సరమూ చూస్తున్న సంగతి ఇది. విద్యార్థి తప్పు కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు.

కనుక మనం కోరవలసినవి పెద్ద కోరికలు కావు. ప్రజల సొమ్ముతో తయారై ఆకాశవాణి భాండాగారాల్లో వున్న వాద్యబృంద, బృందగాన రచనలు, నేర్పించిన పాటలు, స్వరలిపితో సహా ప్రజలకు ఉచితంగా అందాలి. ఖాళీ అయిన నిలయ విద్వాంసుల స్థానాలు నిండాలి. వాటికి ఎంపికలో డప్పు వాయించేవాడు, సన్నాయి వాయించేవాడు, హార్మోనిస్టు అందరూ అర్హులు కావాలి. ప్రతి కళాశాలలోను ఒక బృందగాన సంఘం వుండాలి. ఈ మూడవదానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఒక ఉపాధ్యాయుడు, పదిహేనుమంది పిల్లలు, ఒక ఖాళీ గది, ఒక పాత హార్మోనియం పెట్టె చాలు. వచ్చే సోమవారం సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.